మాత్ర ఇచ్చింది ఎందరికి, మింగింది ఎందరు?

మా అమ్మకు బీపీ ఉందని తెలిసి నాలుగేళ్లు. మాత్రలు వంటింటి గూట్లో, లవంగాల డబ్బా పక్కన, ఒక చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటుంది. మొన్న ఊరెళ్లినప్పుడు ఆ డబ్బా మూత తీసి చూశాను. నెలకని తెచ్చిన 30 మాత్రల్లో, నెల దాటిపోయినా 11 మిగిలే ఉన్నాయి. రేకు మీద చిల్లులు కూడా వరసగా లేవు, ఇక్కడొకటి, అక్కడొకటి. మర్నాడు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. "మాత్రలు వాడుతున్నారామ్మా?" అని ఆయన అడగడం, "వాడుతున్నానండీ" అని అమ్మ చెప్పడం, బీపీ ఇంకా ఎక్కువే ఉందని ఆయన డోసు పెంచడం, అన్నీ రెండు నిమిషాల్లో అయిపోయాయి.

ఫలానా మందు ఫలానా జబ్బును ఇంత శాతం తగ్గించిందని పత్రికల్లో చదువుతుంటాం. ఆ శాతం వెనక వేలమంది మనుషులుంటారు. వాళ్లలో మా అమ్మలాంటివాళ్లూ ఉంటారు: సగం వాడినవాళ్లు, వారం వాడి మానేసినవాళ్లు, అసలు రేకే విప్పనివాళ్లు. వీళ్లను ఏ లెక్కలో వేయాలి? మందు వాడినవాళ్లలోనా, వాడనివాళ్లలోనా? లేక లెక్కలోంచే తీసేయాలా? పైకి గుమాస్తా పనిలా కనిపించే ప్రశ్న ఇది. కానీ ఇక్కడ తప్పటడుగు పడితే పనికిరాని మందు సంజీవనిలా కనిపిస్తుంది, పనికొచ్చే మందు వట్టి పిండి గుళికలా కనిపిస్తుంది.

ముందు చీటీ సంగతి చెప్పుకుందాం. ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి, ఇష్టపడి వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పక్కపక్కన నిలబెట్టి చూస్తే చాలదు. ఇష్టపడి వాడినవాళ్లకు చదువు ఎక్కువ ఉండొచ్చు, చేతిలో డబ్బు ఆడుతుండొచ్చు, ఇంట్లో పట్టించుకునేవాళ్లు ఉండొచ్చు. వాళ్లు బాగుపడితే అది మందు గొప్పతనమో, ఆ వసతుల గొప్పతనమో ఎలా చెప్పగలం? అందుకే పరీక్షలో చేరిన ప్రతి మనిషికీ చీటీ తీస్తారు. ఈ చీటీ వస్తే మందు, ఆ చీటీ వస్తే మందులేని పోలిక బృందం. చీటీ ఎవరి ముఖమూ చూడదు. పొద్దున్నే నడిచేవాళ్లు, తాగేవాళ్లు, గుండె దిటవున్నవాళ్లు, దిగులుపడేవాళ్లు, అందరూ రెండు వైపులకూ ఇంచుమించు సమానంగా పంపిణీ అవుతారు. కొలవడానికి మనకు తట్టని గుణాలు కూడా సమానంగానే పడతాయి. ర్యాండమైజ్డ్ ట్రయల్ అనే ఈ పరీక్ష బలమంతా ఇందులోనే ఉంది. చివర్లో రెండు వైపులా తేడా కనబడితే, కాకతాళీయానికి కొంత మినహాయించి, మిగతాది మందు వల్లనేనని ధైర్యంగా అనవచ్చు.

చీటీ తీసిన రోజున ఈ సమతూకం నిలిచి ఉంటుంది. కానీ మందు చీటీ వచ్చినవాళ్లలో కొందరు మర్నాటినుంచే మానేయడం మొదలుపెడతారు. అప్పుడు ఎవరికైనా సహజంగా తట్టే ఆలోచన ఒకటుంది: "వేసుకోనివాళ్ల సంగతి మనకెందుకు? మందు సత్తా తెలియాలంటే వేసుకున్నవాళ్లనే చూడాలి కదా!" ఈ మాటలో తప్పేముందని మీకూ అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఈ ఆలోచన ఎంత లోతుగా మోసం చేయగలదో చూపించిన పరీక్ష కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్.

అది 1966లో అమెరికాలో మొదలైంది. ఒకసారి గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డ మగవాళ్లు 8,000 మందికి పైగా అందులో చేరారు. రక్తంలో కొవ్వును తగ్గించే మందులు ప్రాణం కాపాడతాయా అన్నది ప్రశ్న. ఆ మందుల్లో ఒకటి క్లోఫైబ్రేట్. అది 1,103 మందికి వచ్చింది. 2,789 మందికి ప్లాసిబో, అంటే చూడడానికి అచ్చం అలాగే ఉండి లోపల మందులేని గుళిక, వచ్చింది. అయిదేళ్లు గడిచాక చూస్తే క్లోఫైబ్రేట్ వైపు నూటికి 20.0 మంది, ప్లాసిబో వైపు నూటికి 20.9 మంది చనిపోయారు. చెప్పుకోదగ్గ తేడా లేదు.

అయితే క్లోఫైబ్రేట్ వచ్చిన అందరూ దాన్ని సరిగ్గా వాడలేదు. చెప్పినదాంట్లో 80 శాతం, అంతకన్నా ఎక్కువ వేసుకున్నవాళ్లను విడిగా తీసి చూశారు. వాళ్లలో చనిపోయింది నూటికి 15.0 మంది. అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో 24.6 మంది. నూటికి దాదాపు పదిమంది ప్రాణాలు! ఇక్కడితో ఆపేసి ఉంటే క్లోఫైబ్రేట్ బంగారంలాంటి మందు, వాడనివాళ్ల వల్లే దానికి చెడ్డపేరు వచ్చిందని అందరూ ఒప్పుకునేవాళ్లు.

పరిశోధకులు ఆపలేదు. ప్లాసిబో వాళ్లను కూడా అలాగే విడదీశారు. మందులేని గుళికను శ్రద్ధగా వేసుకున్నవాళ్లలో చనిపోయింది నూటికి 15.1 మంది. సరిగా వేసుకోనివాళ్లలో 28కి పైగా. క్లోఫైబ్రేట్ వైపు కనిపించిన దానికన్నా ఇక్కడ తేడా ఇంకా పెద్దది! 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఈ అంకెలను నేను మొదటిసారి చూసినప్పుడు అచ్చు తప్పేమో అనుకుని మళ్లీ మొదటినుంచి చదివాను.

మందులేని గుళిక ప్రాణం పోయదు. కాబట్టి తేడా గుళికలో లేదు, వేసుకున్న మనిషిలో ఉంది. అయిదేళ్లపాటు పూటపూటకూ మరవకుండా గుళిక వేసుకోగలిగిన మనిషి తిండి దగ్గరా, నిద్ర దగ్గరా, డాక్టరు చెప్పిన మిగతా మాటల దగ్గరా అంతే శ్రద్ధగా ఉండి ఉంటాడు. ఇక మానేసినవాళ్లలో చాలామంది సోమరితనంతో మానేసినవాళ్లు కారు. ఒంట్లో బాగోక మానేసినవాళ్లుంటారు. జబ్బు ముదిరి, ఏదీ లోపలికి పోని స్థితిలో ఉన్నవాళ్లుంటారు. చావు దగ్గరపడటం వల్ల మాత్ర ఆగిందే తప్ప, మాత్ర ఆగడం వల్ల చావు రాలేదు.

మా అమ్మను ఆ సాయంత్రం తీరిగ్గా అడిగాను, ఎందుకు మానేస్తున్నావని. కుర్చీలో కూర్చుని చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి పాదాలు చూపించింది. చీలమండల దగ్గర వాపు. బొటనవేలితో నొక్కితే గుంట పడి, నెమ్మదిగా నిండుతోంది. "వరసగా నాలుగు రోజులేసుకుంటే ఇలా పొంగుతున్నాయిరా. రెండు రోజులు మానేస్తే తగ్గుతాయి. అవతల అంతమంది కూర్చున్నారు, ఆయనకు ఇవన్నీ ఏం చెప్పను?" అంది. ఆమె వాడే ఆమ్లోడిపిన్ మాత్రకు పాదాల వాపు అందరూ ఎరిగిన దుష్ఫలితమే. మానేయడం ఆమె మతిమరుపు కాదు, ఆ మందే మాన్పించింది. ఇలాంటి మనిషిని పరీక్షలోంచి "వాడలేదు" అని తీసేస్తే, ఆ మందు పడని మనుషుల్ని ఏరి పక్కన పడేసి, పడినవాళ్లతోనే మందుకు మార్కులు వేసినట్టవుతుంది.

అందుకే ఒక కట్టుబాటు ఏర్పడింది. ఎవరికి ఏ చీటీ వచ్చిందో, చివరి లెక్కలో కూడా వాళ్లు అటువైపే. మాత్ర మింగినా, చెత్తబుట్టలో వేసినా సరే. దీన్ని ఇంటెన్షన్ టు ట్రీట్ అంటారు. మనం కేటాయింపు లెక్క అందాం. దీనికి భిన్నంగా, చెప్పినట్టు వాడినవాళ్లనే ఉంచి మిగతావాళ్లను తీసేసే లెక్కను పర్ ప్రొటోకాల్ అంటారు. మొదటి దానిలో చీటీ ఇచ్చిన సమతూకం చివరిదాకా నిలుస్తుంది. రెండోదానిలో మనచేత్తో మనమే దాన్ని చెరిపేసుకుంటాం.

కేటాయింపు లెక్కకూ ఒక లోటు ఉంది, దాన్ని దాచి లాభం లేదు. మందు చీటీ వచ్చినవాళ్లలో సగంమంది వేసుకోకపోతే, మందు చేసిన మేలు వేసుకోనివాళ్ల మీద కూడా పరుచుకుని, నీళ్లు కలిపిన పాలలా పలచబడుతుంది. పెద్దపేగు క్యాన్సర్‌ను ముందే పట్టుకునే కొలనోస్కోపీ మీద పోలెండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో జరిగిన నార్డిక్ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. దాదాపు 85,000 మంది. చీటీ తీసి 28,000 మందికి పైగా మనుషులకు పరీక్ష చేయించుకోమని ఆహ్వానం పంపారు. వచ్చి చేయించుకున్నది నూటికి 42 మందే. పదేళ్లలో క్యాన్సర్ ముప్పు ఆహ్వానం అందినవాళ్లలో 0.98 శాతం, అందనివాళ్లలో 1.20 శాతం, అంటే 18 శాతం తగ్గుదల. "కొలనోస్కోపీ పెద్దగా పనిచేయదు" అని చాలాచోట్ల వార్తలొచ్చాయి. కానీ ఆ 18 శాతం చెబుతున్నది ఆహ్వానపత్రం సంగతి. పిలిచినవాళ్లంతా వచ్చి ఉంటే ఎంత తగ్గేదో అదే పరిశోధకులు సర్దుబాట్లు చేసి అంచనా వేస్తే 31 శాతం వచ్చింది.

దేశమంతటా ఒక కార్యక్రమం పెట్టాలనుకునే ఆరోగ్యశాఖకు మొదటి అంకె కావాలి. పిలిస్తే ఎంతమంది వస్తారన్నది కూడా వాళ్ల లెక్కలో భాగమే. డాక్టరు ఎదుట కూర్చుని "నేను చేయించుకుంటే నాకెంత మేలు?" అని అడిగే మనిషికి మాత్రం మొదటి అంకె జవాబు కాదు. ఆ మనిషి ప్రశ్న న్యాయమైనది. దానికి చీటీ సమతూకాన్ని చెడగొట్టకుండా జవాబు చెప్పగలమా? చెప్పగలం, కొన్ని షరతుల మీద. కూడికలు, తీసివేతలతోనే పని జరిగిపోయే ఒక ఉదాహరణ ఇండోనేషియాలో ఉంది.

రేచీకటి మన పల్లెలకు తెలిసిన జబ్బే. విటమిన్ ఎ లోపిస్తే మసకచీకట్లో పిల్లలకు కళ్లు కనబడవు. ఆల్ఫ్రెడ్ సోమర్ అనే అమెరికన్ కంటి డాక్టరు ఇండోనేషియాలో ఈ జబ్బు మీద పనిచేస్తూ, స్వల్పంగా రేచీకటి ఉన్న పిల్లలు కూడా మిగతా పిల్లలకన్నా ఎక్కువగా చనిపోతున్నారని గమనించాడు. అది విటమిన్ లోపం వల్లనా, పేదరికం వల్లనా? తేల్చడానికి ఉత్తర సుమత్రాలోని ఆచే ప్రాంతంలో 450 గ్రామాలకు చీటీ తీశారు. 229 గ్రామాల్లో పిల్లలకు ఆరునెలల ఎడంతో రెండుసార్లు విటమిన్ ఎ క్యాప్సూల్ ఇవ్వాలి. 221 గ్రామాల్లో ఆ ఏడాది ఇవ్వరు. పంచింది ఊళ్లోని స్వచ్ఛంద కార్యకర్తలే. ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. తరవాత 1991లో సోమర్, గణాంక శాస్త్రవేత్త స్కాట్ జెగర్ కలిసి ఆ అంకెలతోనే మన ప్రశ్నకు జవాబు వెతికారు. వాళ్ల పట్టికను నెమ్మదిగా చూద్దాం.

క్యాప్సూల్ ఇవ్వని గ్రామాల్లో పిల్లలు 11,588 మంది. ఏడాదిలో చనిపోయింది 74 మంది. పదివేలకు లెక్కేస్తే 64. క్యాప్సూల్ గ్రామాల్లో పిల్లలు 12,094 మంది. చనిపోయింది 46. పదివేలకు 38. కేటాయింపు లెక్క ప్రకారం మేలు పదివేలకు 26 ప్రాణాలు.

ఇప్పుడు క్యాప్సూల్ గ్రామాల లోపలికి వెళదాం. అక్కడ క్యాప్సూల్ నిజంగా అందినది 9,675 మంది పిల్లలకు. వాళ్లలో 12 మంది చనిపోయారు, పదివేలకు 12. అందనివాళ్లు 2,419 మంది. వాళ్లలో 34 మంది చనిపోయారు. పదివేలకు లెక్కేస్తే 141!

ఈ 141 దగ్గర కాస్త ఆగాలి. క్యాప్సూల్ ఇవ్వని గ్రామాల్లో కూడా ఎవరికీ క్యాప్సూల్ లేదు, అయినా అక్కడ చావులు పదివేలకు 64 మాత్రమే. క్యాప్సూల్ గ్రామాల్లో ఉండి కూడా అందుకోలేకపోయిన పిల్లల్లో దానికి రెట్టింపుకు మించి. అంటే వాళ్లు మొదటినుంచీ వేరే స్థితిలో ఉన్న పిల్లలన్నమాట. ఇంకా పేదవాళ్లు కావచ్చు, ఊరి చివర ఉండేవాళ్లు కావచ్చు, అప్పటికే జబ్బుపడ్డవాళ్లు కావచ్చు. వీళ్లను పక్కనపెట్టి, అందుకున్న పిల్లల 12ను అటువైపు అందరి 64తో పోల్చితే మేలు 52 ప్రాణాలుగా కనిపిస్తుంది. అది దొంగ పోలిక. ఇటు బలహీనులను తీసేశాం, అటు ఉంచేశాం.

సరైన పోలిక కావాలంటే అటువైపు కూడా అలాంటి పిల్లల్ని తీసేయాలి. కానీ ఆ గ్రామాల్లో క్యాప్సూల్ పంచనేలేదు; పంచి ఉంటే ఎవరికి అందేది కాదో పేరుపేరునా చెప్పలేం. పేర్లు తెలియకపోయినా సంఖ్య తెలుసు, అదే కీలకం. గ్రామాలను చీటీ విడదీసింది కాబట్టి, ఇటు నూటికి 20 మంది అందుకోలేని పిల్లలుంటే అటు కూడా ఇంచుమించు నూటికి 20 మంది ఉండి తీరాలి. 11,588లో 20 శాతం 2,318. వాళ్లకు ఇటూ అటూ ఎక్కడా క్యాప్సూల్ లేదు కాబట్టి, వాళ్ల చావుల రేటు కూడా ఇటు చూసినదే, పదివేలకు 141. ఆ లెక్కన 33 మంది. మొత్తం 74 చావుల్లో ఈ 33 తీసేస్తే మిగిలేవి 41. అవి, పంచి ఉంటే క్యాప్సూల్ అందుకుని ఉండే 9,270 మంది పిల్లలవి. దశాంశాలు వదలకుండా లెక్కిస్తే పదివేలకు దాదాపు 45.

ఇప్పుడు పోల్చవచ్చు. అందుకునే తరహా పిల్లలు: క్యాప్సూల్ ఉంటే 12, లేకపోతే 45. దశాంశాలతో తీసివేస్తే మేలు పదివేలకు దాదాపు 32 ప్రాణాలు. కేటాయింపు లెక్క 26 అంది, దొంగ పోలిక 52 అంది. ఇదే జవాబుకు అడ్డదారి కూడా ఉంది: 26ను 80 శాతంతో భాగించండి, అదే 32 వస్తుంది. నూరుమందికి కేటాయిస్తే 80 మందికే అందినప్పుడు, కనిపించిన మేలంతా ఆ 80 మందిదే అన్నది అందులోని తర్కం.

ఈ భాగహారం ఊరికే రాదు, కొన్ని షరతులను నమ్మాలి. మొదటిది, చీటీ తనంతట తాను ఏమీ చేయకూడదు. ఏం చేసినా మందు ద్వారానే చేయాలి. ఆచేలో క్యాప్సూల్ పంచడానికి వచ్చిన కార్యకర్త, క్యాప్సూల్ అందని ఇంటికి కూడా వెళ్లి నీళ్లు కాచి తాగమని చెప్పి, దానివల్ల ఒక బిడ్డ బతికి ఉంటే లెక్క తప్పుతుంది. రెండోది, వద్దంటే వేసుకుని, వేసుకోమంటే మానేసే మొండితనం ఎవరిలోనూ ఉండకూడదు. ఆచేలో క్యాప్సూల్ వేరేచోట దొరికేది కాదనుకున్నారు కాబట్టి రెండో షరతుతో పేచీ లేదు. మొదటిదాన్ని అంకెలు రుజువు చేయలేవు. ఆ పరీక్ష ఎలా జరిగిందో తెలిసినవాళ్లే తీర్పు చెప్పాలి. పైగా అక్కడ చీటీ తీసింది గ్రామాలకు, పిల్లలకు కాదు, కాబట్టి ఈ 32కు అటూ ఇటూ ఉండే అనిశ్చితి పైకి కనిపించేదానికన్నా ఎక్కువ.

ఈ తర్కాన్ని ఆర్థికవేత్తలు జాషువా ఆంగ్రిస్ట్, గీడో ఇంబెన్స్, గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ 1990లలో పద్ధతిగా పేర్చారు. మనుషులు నాలుగు రకాలన్నారు: చెబితే వేసుకునేవాళ్లు, చెప్పినా వేసుకోనివాళ్లు, చెప్పకపోయినా వేసుకునేవాళ్లు, చెప్పినదానికి తలకిందులుగా చేసేవాళ్లు. భాగహారంతో వచ్చే అంకె మొదటి రకం మనుషులకే వర్తిస్తుంది. ఆంగ్రిస్ట్ దీన్ని వాడింది మందుల మీద కాదు, యుద్ధం మీద. వియత్నాం యుద్ధానికి కుర్రాళ్లను పంపడానికి అమెరికా ప్రభుత్వం 1969 డిసెంబరు 1న పుట్టినరోజులను గుళికల్లో పెట్టి లాటరీ తీసింది. పిలుపు వచ్చినా వెళ్లనివాళ్లున్నారు, రాకపోయినా వెళ్లినవాళ్లున్నారు. అలాంటి లాటరీలను ఆధారం చేసుకుని, సైన్యంలో గడిపిన కాలం తరవాతి సంపాదనను ఎంత దెబ్బతీసిందో ఆయన 1990లో లెక్కగట్టాడు. 2021 ఆర్థికశాస్త్ర నోబెల్‌లో సగం ఆంగ్రిస్ట్, ఇంబెన్స్‌లకు దక్కింది ఈ కోవలోని పనికే.

విటమిన్ ఎ కథలో హైదరాబాద్‌కు కూడా చోటుంది. ఇక్కడి జాతీయ పోషకాహార సంస్థ, నగరం చుట్టుపక్కల పల్లెల్లో 15,000 మందికి పైగా పిల్లల మీద ఇలాంటి పరీక్షే చేసి, ఫలితాలను 1990లో లాన్సెట్‌లో ప్రకటించింది. ఇక్కడ పోలిక బృందానికి ప్లాసిబో కూడా ఇచ్చారు. రెండు వైపులా చావుల్లో తేడా కనబడలేదు. ఆచేకూ హైదరాబాద్‌కూ ఈ తేడా ఎందుకన్నది వేరే పెద్ద చర్చ. మన విషయానికి పనికొచ్చేది ఇంకొకటి: విటమిన్ అయినా ప్లాసిబో అయినా, ఒక్క డోసు కూడా తీసుకోని పిల్లల్లోనే చావులు అన్నింటికన్నా ఎక్కువ. ప్లాసిబో లేకుండా, చీటీని పట్టించుకోకుండా, మందు తీసుకున్న పిల్లల్ని తీసుకోని పిల్లలతో పోల్చి ఉంటే మన పల్లెల్లో కూడా క్లోఫైబ్రేట్ కథే పునరావృతమయ్యేది.

క్యాప్సూల్ రెండుసార్లే ఇచ్చేది కాబట్టి ఆచేలో అందింది, అందలేదు అని రెండు ముక్కల్లో తేల్చగలిగారు. రోజూ వేసుకునే మందుతో అది కుదరదు. మా అమ్మ 19 వేసుకుంది, 11 వదిలేసింది. ఆమె ఏ రకం? పైగా ఎన్ని వేసుకున్నారో తెలుసుకోవడమే కష్టం. హెచ్ఐవీ రాకుండా ముందుగానే వాడే మందుల మీద దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది మహిళలతో వాయిస్ అనే పరీక్ష జరిగింది. వాళ్లు చెప్పిన మాటనూ, తిరిగి తెచ్చిన మందుల లెక్కనూ బట్టి చూస్తే వాడకం 90 శాతం దాకా ఉంది. రక్తం తీసి చూస్తే మందు ఆనవాలు దొరికింది సగటున నూటికి 30 నమూనాల్లోనే, లేదా అంతకన్నా తక్కువలో. మందులు కాపాడలేదని ఆ పరీక్ష చెప్పింది. అవే మందులు సరిగ్గా వాడితే కాపాడతాయని వేరే పరీక్షలు తేల్చాయి. మాటను నమ్మకుండా సరిచూసుకున్నవాళ్లు ముందే ఉన్నారు: 1956లో మద్రాసులో క్షయ రోగులకు శానిటోరియంలో చేర్చకుండా ఇంట్లోనే మందులిచ్చి చేసిన పరీక్షలో, చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవాళ్లు, మూత్రపరీక్ష చేసేవాళ్లు. అంత ముందుచూపు ఆనాటివాళ్లకు ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

రోజువారీ మందుల విషయంలో ఇంకో దారి, మానేసిన కారణాలను నెలనెలా నమోదు చేసుకుని వాటికి సర్దుబాటు చేయడం. కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్ ప్లాసిబో అంకెలనే దీనికి గీటురాయిగా పెట్టారు. ప్లాసిబో వేసుకున్నా మానేసినా తేడా ఉండకూడదు కాబట్టి, సర్దుబాటు సరైనదైతే తేడా సున్నా దగ్గరికి రావాలి. 1980 నాటి లెక్కలో, పరీక్ష మొదట్లో నమోదైన 40 లక్షణాలకు సర్దుబాటు చేసినా, నూటికి 9 మందికి పైగా తేడా మిగిలిపోయింది. 2016లో ఎలియనార్ మర్రే, మిగెల్ హెర్నాన్ అవే పాత రికార్డులను తీసి, మొదట్లోని లక్షణాలతో పాటు మధ్యలో ఆరోగ్యం ఎలా మారుతూ వచ్చిందో కూడా లెక్కలోకి తెస్తే, అది సుమారు రెండున్నరకు దిగింది. అంతకు 36 ఏళ్ల ముందు అసాధ్యమనుకున్నది చాలావరకు సాధ్యమైంది. కానీ అలాంటి రికార్డులు రాసిపెట్టుకున్నప్పుడే.

ఇంకొక్క మాట. మేలు పలచబడటం ఎప్పుడూ మందుకు అన్యాయమే అనుకోకూడదు. "మా చవక మందు పాత మందుకన్నా తీసిపోదు" అని నిరూపించడానికి చేసే పరీక్షల్లో, రెండు వైపులా మాత్రలు మానేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తీసిపోయే మందు కూడా గట్టెక్కుతుంది. అక్కడ కేటాయింపు లెక్క ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదం. మందుల నియంత్రణ సంస్థల అంతర్జాతీయ వేదిక 2019లో ఒక మార్గదర్శకం తెచ్చింది: మానేసినవాళ్లను ఏం చేస్తారో, అసలు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో పరీక్ష మొదలుకాకముందే రాసి ఇవ్వాలని. ఫలితం చూశాక నచ్చిన లెక్క ఎంచుకునే దారి దీనితో మూసుకుంటుంది. నన్నడిగితే రెండు అంకెలూ పక్కపక్కన వేయాలి, మానేసినవాళ్లు ఎందరో, ఎందుకు మానేశారో కూడా వేయాలి. పత్రికల్లో "ఇంత శాతం తగ్గింది" అని చదివినప్పుడు అది మందు ఇచ్చినవాళ్ల లెక్కా, వేసుకున్నవాళ్ల లెక్కా అని వెతకండి. వేసుకున్నవాళ్లదైతే, అటువైపు ఎవరితో పోల్చారో చూడండి.

ఆచే పట్టికకే మళ్లీ వస్తాను, నన్ను అది ఇంకా వదల్లేదు. ఆ అందమైన భాగహారం చెప్పేది క్యాప్సూల్ అందుకునే పిల్లల సంగతి మాత్రమే. రెండు వైపులా సమానంగా కొట్టేసినవాళ్లు, క్యాప్సూల్ అందని 2,419 మంది, పదివేలకు 141 చొప్పున చనిపోతున్న పిల్లలు. వాళ్లకు ఇచ్చి ఉంటే విటమిన్ ఎ ఎందరిని బతికించేదో ఆ పద్ధతి చెప్పదు, చెప్పలేదు కూడా. పట్టికలో వాళ్లకు ఒక వరుస ఉంది: చనిపోయింది 34, బతికింది 2,385. క్యాప్సూల్ వాళ్ల ఇంటిదాకా ఎందుకు వెళ్లలేదో రాసే గడి మాత్రం అందులో లేదు.